దేశాలు ఎందుకు కలిసిరావు: ఒక సబ్‌స్టేషన్ ఇంజనీరు జవాబు

ఒడిశాలోని రాయగడలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "1992 నుంచి దేశాలన్నీ కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాయి. భూమి వేడెక్కుతోందని అందరూ ఒప్పుకుంటున్నారు. అయినా బొగ్గు వాడకం ఎందుకు తగ్గడం లేదు? ఇదంతా ధనిక దేశాల స్వార్థమేనా? బొగ్గు గనులే లేని మన కోరాపుట్, రాయగడ జిల్లాలకు దీనితో పనేమిటి?"

అమ్మా, స్వార్థం అన్న మాట తప్పు కాదు గాని, అక్కడే ఆగిపోతే మనకు తెలిసేది తక్కువ. స్వార్థం లేని ప్రభుత్వాన్ని నేను నా సర్వీసులో చూడలేదు. నేను ముప్పై ఏళ్ళకు పైగా జయపురం చుట్టుపక్కల సబ్‌స్టేషన్లలోను, మధ్యలో కొంతకాలం లోడ్ డిస్పాచ్‌లోను (ఎవరికి ఎంత కరెంటు పంపాలో చూసే విభాగం) పనిచేసి రిటైరయ్యాను. వాతావరణ శాస్త్రం నా చదువు కాదు. కానీ ఎవరికి వారు ఎక్కువ లాక్కోవాలని చూసే ఇద్దరి మధ్య ఉమ్మడి సొత్తును పంచడం ఎలా ఉంటుందో చేత్తో చేసి చూసినవాణ్ణి కనుక, ఆ దారిలోనే జవాబు చెబుతాను.

ముందు మన రెండు రాష్ట్రాల సంగతి చూడండి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఒనకఢిల్లీ దగ్గర, మన కోరాపుట్ జిల్లాలోనే ఉంది. మద్రాసు ప్రభుత్వం, ఒడిశా ప్రభుత్వం కలిసి మొదలుపెట్టిన ఆ కేంద్రంలో 1955లో కరెంటు పుట్టింది. మొదట ఆంధ్రకు 70 పాళ్ళు, ఒడిశాకు 30 పాళ్ళు. తరువాత సగం సగం అయింది. మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు మారినా, ఎన్ని చిరాకులు వచ్చినా పంపకం మాత్రం ఆగలేదు. ఇక వంశధార నది చూడండి. అక్కడ కూడా ఇవే రెండు రాష్ట్రాలు, ఇలాంటి అధికారులే. నీటి వాటా సగం సగం అని 1962లోనే ఒప్పుకున్నారు. అయినా ఆ నది మీద ఆంధ్ర కట్టాలనుకున్న నేరడి బ్యారేజీకి కావలసిన ఒడిశా వైపు 106 ఎకరాల భూమి విషయం, నది దారి మారిపోతుందేమో అన్న భయం కలిసి, 2010లో ట్రిబ్యునల్ వేసేదాకా, 2017లో అది తీర్పు చెప్పేదాకా, ఆ తీర్పు తరువాత కూడా కోర్టుల్లోనే నడిచాయి.

వాటా మీద పేచీ లేని చోట పని నిలిచిపోయింది, వాటా మారుతూ వచ్చిన చోట పని సాగింది. కారణం నాకు తెలిసినంతలో ఇది: మాచ్‌ఖండ్‌లో పంచుకునేది తీగ మీద వెళుతుంది, మీటరులో పడుతుంది. నేరడిలో తగాదా పడేది రేపు జరగబోయే దాని గురించి, అంటే ఇరవై ఏళ్ళ తరువాత నది ఎటు వంగుతుందన్న దాని గురించి. దానికి మీటరు లేదు.

మీటరు అంటే చిన్న విషయంగా అనిపించవచ్చు. రెండు సంస్థల మధ్య నడిచే లైను దగ్గర నెల నెలా జాయింట్ రీడింగ్ తీస్తాం. ప్యానెల్‌లో పక్కపక్కనే రెండు మీటర్లు ఉంటాయి, ఒకటి మెయిన్ మీటరు, ఒకటి చెక్ మీటరు. చెరొక వైపు నుంచి ఒక ఇంజనీరు వస్తాడు. ముందు సీసపు సీలు తెగలేదని వేలితో తడిమి చూసుకుంటారు, తరువాత ఒకరు అంకెలు పైకి చదువుతుంటే ఇంకొకరు రాస్తారు, కింద ఇద్దరూ సంతకం పెడతారు. రెండు మీటర్ల మధ్య తేడా అనుకున్న హద్దు దాటితే మీటర్లు పరీక్షకు పోతాయి. ఒకసారి సీలు నంబరు మా రిజిస్టరులో ఒక విధంగా, అవతలివాళ్ళ రిజిస్టరులో ఇంకొక విధంగా ఉందని తేలి మూడు వారాలు ఉత్తరాలు నడిచాయి. ఇరువైపులా కోపాలు కూడా వచ్చాయి. చివరికి చూస్తే 3ని 8గా రాసుకున్నది మేమే. అయితే ఆ మూడు వారాలూ లైనులో కరెంటు ఆగలేదు, ఎందుకంటే తగాదా తేల్చుకునే పద్ధతి తగాదా రాకముందే కాగితం మీద ఉంది.

ఇప్పుడు దీనికంటే పెద్ద ఉదాహరణ, వాతావరణానికి ఇంకా దగ్గరిది చెబుతాను. రాష్ట్రాలను కలిపే కరెంటు తీగల అల్లికే గ్రిడ్. అందులో ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, 50 హెర్ట్జ్ ఉండాలి. గ్రిడ్‌కు కట్టిన అన్ని రాష్ట్రాలకూ అది ఒకటే. ఒక రాష్ట్రం తనకు కేటాయించిన దానికంటే ఎక్కువ లాగితే ఫ్రీక్వెన్సీ అందరికీ పడుతుంది, లాభం మాత్రం ఆ రాష్ట్రం ఒక్కదానికే. 2000కు అటూ ఇటూ నేను ఒకసారి గాజువాక కన్వర్టర్ స్టేషనుకు వెళ్ళాను. మన జయపురం నుంచి వెళ్ళే 400 కేవీ లైను అక్కడికే చేరుతుంది. తూర్పు గ్రిడ్, దక్షిణ గ్రిడ్ అప్పట్లో వేరు వేరు కనుక, మధ్యలో కరెంటును డీసీగా మార్చి, మళ్ళీ ఏసీగా చేసి అవతలికి పంపేవారు. ఆ కంట్రోల్ రూములో పక్కపక్కనే రెండు అంకెలు. తూర్పు వైపు 50 దాటి పైకి, దక్షిణం వైపు 49 కంటే కిందికి. ఒక గదిలో నిలబడి రెండు ఊళ్ళ సంగతి చూస్తున్నట్టు ఉండేది. దక్షిణాది రాష్ట్రాలకు లెక్కలేనన్ని విజ్ఞప్తులు పోయాయి, సమావేశాలు జరిగాయి, "ఎక్కువ లాగవద్దు" అని అందరూ తీర్మానాలు చేశారు. సమావేశం నుంచి తిరిగి వెళ్ళి అందరూ మళ్ళీ లాగారు.

దాన్ని మార్చింది తీర్మానాలు కావు. 2002, 2003 సంవత్సరాల్లో ఒక్కొక్క ప్రాంతంలోనూ కొత్త టారిఫ్ విధానం వచ్చింది. రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కలో ఎవరు ఎంత లాగారో ప్రత్యేక మీటర్లతో కొలిచి, ఆ క్షణంలో ఫ్రీక్వెన్సీ ఎంత పడిపోయి ఉంటే అంత ఎక్కువ ధర వేసి, వారం వారం బిల్లు పంపడం మొదలుపెట్టారు. కొద్ది నెలల్లోనే ఫ్రీక్వెన్సీ దారికి వచ్చింది. రాష్ట్రాలకు జ్ఞానోదయం కలగలేదు, బిల్లు కలిగింది.

అయితే ఇది అన్నిటినీ చక్కబెట్టే మంత్రమని నేను అనను. 2012 జులై 30న ఉత్తర గ్రిడ్, 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలిపోయాయి. అరవై కోట్ల మందికి పైగా ఉన్న ప్రాంతమంతా చీకటైంది. కారణాలు చాలా ఉన్నాయి గాని, వానలు సరిగా లేని ఆ ఏడాది కొన్ని రాష్ట్రాలు బిల్లు కట్టడానికే సిద్ధపడి ఎక్కువ లాగడం వాటిలో ఒకటి. పొలానికి కరెంటు కోస్తే రైతు కోపం, ఎక్కువ లాగితే జరిమానా. రాజకీయంగా జరిమానా చవక. దక్షిణ గ్రిడ్ డీసీతోనే కలిసి ఉన్నందువల్ల ఆంధ్రలో ఆ రోజు దీపాలు ఆరలేదన్నది వేరే ముచ్చట.

ఇప్పుడు వాతావరణానికి వద్దాం. అక్కడ ఈ గ్రిడ్ ఏర్పాటు ఎందుకు కుదరదో చూస్తే మీ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

మొదటిది, పైన పెద్ద ఎవరూ లేరు. మన గ్రిడ్‌కు కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఉంది, దాని మాట కాదంటే కోర్టు ఉంది. వాతావరణం మీద దేశాలు చేసుకున్న 1992 రియో ఒప్పందం తరువాత 1995లో బెర్లిన్‌లో మొదటి సదస్సు జరిగినప్పుడు, ఓటింగ్ ఎలా ఉండాలన్న నిబంధన ఒక్కటి తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. అందువల్ల ప్రతి నిర్ణయమూ ఎవరూ కాదనని విధంగానే జరగాలి. దాదాపు రెండు వందల దేశాల్లో గట్టిగా అడ్డుకునే కొద్దిమంది చాలు, వాక్యం నీరుగారిపోవడానికి. 2021లో గ్లాస్గోలో బొగ్గును "దశలవారీగా తొలగించడం" అన్న మాట చివరి గంటల్లో "దశలవారీగా తగ్గించడం" అయింది. ఆ మార్పు అడిగినది మనదేశమే, చైనా తోడు నిలిచింది. చమురు, గ్యాసు గురించి ఒక్క మాట లేకుండా బొగ్గు ఒక్కదాన్నే పట్టుకోవడం ఏం న్యాయమని మనవాళ్ళు అడిగిన దానిలో నిజం ఉందనే నా అభిప్రాయం. "శిలాజ ఇంధనాల నుంచి మళ్ళడం" అన్న మాట మొత్తం ఇంధనాలకూ కలిపి రావడానికి 2023 దుబాయ్ దాకా ఆగవలసి వచ్చింది.

రెండోది, పాత బాకీ. గ్రిడ్‌లో ఈ పదిహేను నిమిషాల లెక్క ఈ పదిహేను నిమిషాలకే. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు, విడిచినదానిలో మంచి భాగం వందల ఏళ్ళు గాలిలోనే ఉంటుంది. ఇప్పటిదాకా విడుదలైన మొత్తంలో నాలుగో వంతు దాకా అమెరికా ఒక్కదానిదే. మనది నూటికి నాలుగు కూడా దాటదు. ఈ ఏటి లెక్క చూస్తే చైనా అందరికంటే పైన, మనం మూడో స్థానంలో. తలసరి చూస్తే మనిషికి మనం ఏడాదికి సుమారు 2 టన్నులు, ప్రపంచ సగటు 5 టన్నుల లోపు, అమెరికా 14 టన్నులకు అటూ ఇటూ. మూడు లెక్కలూ నిజమే, మూడింటికీ మూడు బిల్లులు వస్తాయి. ఏ మీటరు చూసి బిల్లు వేయాలన్నదే తేలనప్పుడు, ఎవరికి వారు తమకు తక్కువ చూపే మీటరు ముందు నిలబడతారు. 1992లో ఎక్కువ బాధ్యత మోయవలసిన ధనిక దేశాల జాబితా ఒకటి రాశారు. ఆ తరువాత సింగపూరు, దక్షిణ కొరియా, సౌదీ అరేబియా ఎంత సంపన్నమైనా ఆ జాబితాలోకి రాలేదు. ధనిక దేశాలు దీన్ని ఎత్తిచూపడంలోనూ అన్యాయం లేదు.

రాజుగారి గంగాళంలో తలా ఒక చెంబు పాలు పొయ్యమంటే అందరూ నీళ్ళే పోసిన కథను ఈ విషయానికి చాలామంది ఉదాహరణగా చెబుతారు. నాకది సగమే సరిపోతుందనిపిస్తుంది. ఆ కథలో చీకట్లో ఎవరు ఏం పోశారో తెలియదు. ఇక్కడ పట్టపగలు, ఎవరు ఏం పోస్తున్నారో అంకెలతో సహా తెలుసు. తెలిసి కూడా అడగలేకపోవడమే చిక్కు.

మూడోది, సంతకం పెట్టేవాడు వేరు, ఖర్చు భరించేవాడు వేరు. 1997లో క్యోటో ఒప్పందం కుదరకముందే, వర్ధమాన దేశాలకు కట్టుబాటు లేని ఒప్పందం తమకు వద్దని అమెరికా సెనేటు 95-0తో తీర్మానించింది. ప్రభుత్వం సంతకం చేసినా దాన్ని సెనేటు ముందుకు తీసుకుపోలేదు, 2001లో అమెరికా తప్పుకుంది. 2011లో కెనడా కూడా తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2015 ప్యారిస్ ఒప్పందం దీన్నుంచి పాఠం నేర్చుకుని, ఎవరి లక్ష్యం వారే రాసుకోండి, లెక్క మాత్రం అందరికీ చూపించండి అంది. అందరూ చేరడానికి అది పనికొచ్చింది, చేరినవాళ్ళు ఉండిపోవడానికి పనికిరాలేదు. అమెరికా 2020లో బయటికి వెళ్ళింది, 2021లో తిరిగి వచ్చింది, 2025 జనవరిలో మళ్ళీ వెళ్ళిపోవాలని నిర్ణయించింది.

డబ్బు విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే మెయిన్ మీటరు, చెక్ మీటరు తగాదా అచ్చంగా అక్కడే ఉంది. 2020 నాటికి ఏటా పది వేల కోట్ల డాలర్లు పేద దేశాలకు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హేగెన్‌లో మాట ఇచ్చాయి. 2015లో ధనిక దేశాల ఆర్థిక సంస్థ ఓఈసీడీ, 2014లో 6,200 కోట్ల డాలర్లు చేరాయని లెక్క చూపింది. మన ఆర్థిక మంత్రిత్వ శాఖ అదే లెక్కను తిరగదీసి, నిజంగా చేతికి అందినదిగా నమ్మకంగా చెప్పగలిగింది 220 కోట్ల డాలర్లేనంది. ఒకే తీగ, ఒక రీడింగ్ 6,200, ఇంకొకటి 220. తేడా ఎక్కడంటే, ధనిక దేశాల లెక్కలో అప్పు కూడా సాయమే, ఇస్తామన్న మాట కూడా ఇచ్చినట్టే. ఇక్కడ సీలు వేసేవాడు లేడు, మీటరును పరీక్షకు పంపే చోటు లేదు. అదే ఓఈసీడీ లెక్క ప్రకారమే ఆ పది వేల కోట్లు మొదటిసారి పూర్తయింది 2022లో, అంటే రెండేళ్ళు ఆలస్యంగా. ఇందులో ఎక్కువ భాగం అప్పులే. 2024లో బాకులో కొత్త అంకె 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లని ప్రకటించినప్పుడు మన ప్రతినిధి అక్కడే లేచి అభ్యంతరం చెప్పడానికి వెనుక ఈ పదిహేనేళ్ళ చరిత్ర ఉంది.

మరి ప్రపంచం కలిసి చేసిన పని ఒక్కటీ లేదా అంటే, ఉంది. ఓజోన్ పొరను కాపాడే 1987 మాంట్రియల్ ఒప్పందంలో ప్రతి దేశమూ చేరింది, ఆ పొరను దెబ్బతీసే, ఒకప్పుడు ఫ్రిజ్‌లలో వాడిన వాయువుల తయారీ దాదాపుగా ఆగిపోయింది. అయితే అక్కడ తయారీదారులు కొద్దిమంది, ప్రత్యామ్నాయం దొరికింది, చేరని దేశంతో ఆ సరుకు వ్యాపారం చేయకూడదన్న నిబంధన ఉంది, పేద దేశాలకు డబ్బు ఇవ్వడానికి నిధి ఉంది. బొగ్గు అలాంటి సరుకు కాదు. మన అంగుల్, ఝార్సుగుడా జిల్లాల్లో బొగ్గంటే కూలి, రాయల్టీ, రైల్వేకు సరుకు రవాణా రాబడి, ఊరి టీ దుకాణం.

వ్యాపారం ద్వారా బిల్లు వేయడం అన్న ఆ పద్ధతినే ఇప్పుడు యూరప్ తీసుకుంటోంది. ఇక్కడే మన జిల్లాలు లెక్కలోకి వస్తాయి. 2026 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి వెళ్ళే ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల మీద కార్బన్ సుంకం, అంటే సరుకు తయారీలో విడిచిన కార్బన్‌ను బట్టి వేసే సుంకం, లెక్క మొదలైంది. మన పంచపట్మలి కొండ మీది బాక్సైటు దమన్‌జోడిలో అల్యూమినా అవుతుంది, అందులో కొంత విశాఖ రేవుకు, కొంత అంగుల్ స్మెల్టరుకు, అంటే అల్యూమినా నుంచి అల్యూమినియం తీసే కర్మాగారానికి వెళుతుంది. టన్ను అల్యూమినియం తీయడానికి సుమారు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. అది బొగ్గు కరెంటు అయితే టన్నుకు ఇంచుమించు 13, 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్. స్మెల్టరు కుండలో నేరుగా పుట్టేది రెండు టన్నుల లోపే. చిత్రమేమిటంటే, యూరప్ ప్రస్తుతానికి అల్యూమినియం విషయంలో ఆ నేరుగా పుట్టేదాన్నే కొలుస్తోంది, కరెంటు వెనుక ఉన్న బొగ్గును వదిలేస్తోంది. కారణం మన మీద దయ కాదు. తమ స్మెల్టర్లకు కరెంటు మీద పడే కార్బన్ ఖర్చును అక్కడి ప్రభుత్వాలు చాలావరకు తిరిగి ఇస్తున్నాయి కనుక, మన దగ్గర అదే వసూలు చేస్తే మాట పడాలి. రేపు ఆ లెక్క కూడా కలిపితే అంగుల్‌లో బొగ్గు ప్రశ్న దమన్‌జోడి ప్రశ్న అవుతుంది. ఈ సుంకం ఏకపక్షమని మనదేశం అనడం సరైనదే. అది పనిచేస్తుందని నేననడమూ సరైనదే, ఎందుకంటే దానిలో మీటరు ఉంది, బిల్లు ఉంది, వసూలు చేసేవాడున్నాడు.

ఇక మీరన్న "బొగ్గు లేని జిల్లాలు" గురించి. మనకు బొగ్గు లేదు గాని ఎత్తు ఉంది, నీరు ఉంది. దేశంలో స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం 2025లోనే బొగ్గు, గ్యాసు కాని వనరులది అయింది. అయినా పుట్టే కరెంటులో నూటికి డెబ్బై పాళ్ళు బొగ్గుదే. సోలారు మధ్యాహ్నం వస్తుంది, ఊరికి కరెంటు కావలసింది రాత్రి ఏడు గంటలకు. మధ్యాహ్నపు కరెంటుతో కింది చెరువు నీటిని పై చెరువుకు తోడి, రాత్రి కిందికి వదిలి టర్బైను తిప్పడం, దాన్నే పంప్డ్ స్టోరేజీ అంటారు, అందుకు ఉన్న మార్గాల్లో పాతది, నమ్మకమైనది. నూరు యూనిట్లతో తోడితే 75, 80 తిరిగి వస్తాయి. దానికి కావలసినది కొండ, లోయ పక్కపక్కనే. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్లది తలపెట్టారు, ముఖిగుడా దగ్గర ఇంద్రావతి మీద ఇంకొకటి అనుకుంటున్నారు. తూర్పు కనుమల్లో మరిన్ని వస్తాయి. అల్లూరి జిల్లాలో గిరిజన గ్రామాలు ఇప్పటికే అభ్యంతరాలు చెబుతున్నాయి.

ప్రపంచ ఒప్పందం వల్ల వచ్చే పని ఎక్కడో ఒక లోయలో పడుతుంది. ఆ లోయవాళ్ళను ఎవరు అడుగుతారన్నది మీ జిల్లాకు కొత్త ప్రశ్న కాదు. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీద నియమగిరి చుట్టూ 12 గ్రామసభలు జరిగాయి, పన్నెండూ బాక్సైటు గని వద్దన్నాయి, గని ఆగింది. బలిమెలలో అలా ఎవరూ అడగలేదు. మాచ్‌ఖండ్ నదే దిగువన సీలేరు అవుతుంది, దాని మీద బలిమెల జలాశయం, నీరు రెండు రాష్ట్రాలకూ చెరిసగం. లెక్క చక్కగా కుదిరిన ఒప్పందమే. కానీ చిత్రకొండ అవతల 150కి పైగా ఊళ్ళు మూడు వైపుల నీళ్ళతో విడిపోయాయి, 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా వాళ్ళకు లాంచీయే దారి. ఒక వేసవిలో నేను ఆ లాంచీ ఎక్కాను. పక్కన కూర్చున్న పెద్దాయన వొడిలో ఒక కిరోసిను డబ్బా ఉంది. వెనక్కి చూస్తే జలాశయం ఒడ్డున మా లైను టవర్లు ఒకదాని వెనుక ఒకటి కొండ ఎక్కి వెళుతున్నాయి. ఆ కరెంటు ఎక్కడికి పోతుందని ఆయన అడిగాడు. సగం మీ ఒడిశాకు, సగం ఆంధ్రకు అన్నాను. "మరి మాకో?" అన్నాడు.